మామయ్య ఫుల్ చేతుల చొక్కాలు

మామయ్య సంవత్సరీకాలు అయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక అత్తయ్య తాళాలగుత్తి తెచ్చి నా చేతిలో పెట్టి "ఇంక ఆ బీరువా తియ్యవే" అంది. ఏడాది పాటు దాన్ని ఎవరం ముట్టుకోలేదు. తలుపు లాగగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, అది ఎవరింటి బీరువాలో అయినా వచ్చేదే, కానీ దాని వెనకాలే గొంతులో గరగరమనే ఇంకో వాసన వచ్చి నాకు తుమ్ము ఆగలేదు, నా వెనక నిలబడ్డ అత్తయ్యకీ ఆగలేదు. మిరపకాయ ఘాటు. ఆయన మిర్చి యార్డులో పని మానేసి ఇరవై ఏళ్ళ దగ్గర పడుతోంది, ఆ చొక్కాలు ఎన్నిసార్లు ఉతికి ఉంటుందో అత్తయ్య, అయినా ఏ కాలరు మడతలోనో ఏ జేబు కుట్టులోనో అది అలాగే ఉండిపోయింది. మేమిద్దరం అక్కడే మంచం మీద కూర్చుని తుమ్ముతూ ఏడ్చాం.

నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. చదువు పాడవుతుందని నన్ను ఒకటో తరగతి నుంచే గుంటూరు కొత్తపేటలో మామయ్య వాళ్ళింట్లో ఉంచేశారు. అందుకే నాకు చిన్నతనం అంటే ఆ పెంకుటిల్లు, ఆ పెరడు, సాయంత్రం అయ్యేసరికి వీధి చివర వినిపించే మామయ్య సైకిల్ బెల్లు. ఆయన మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా. తెల్ల ఫుల్ చేతుల చొక్కా, పంచె, జేబులో పెన్సిలు, చెవి మీద ఇంకో పెన్సిలు. గుంటూరు ఎండ ఎలా ఉంటుందో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మే నెలలో కూడా ఆయన మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునే ఉండేవాడు.

గేటు దగ్గరికి రాగానే అత్తయ్య లోపల్నుంచే అరిచేది, "అక్కడే ఆగండి, పెరట్లోంచి రండి" అని. ఆయన సందులోంచి పెరట్లోకి వెళ్ళి, చొక్కా విప్పి, గోడకేసి రెండు మూడు సార్లు దులిపేవాడు. ఆ దుమ్ము ఎర్రగా పైకి లేచేది, మేము పిల్లలం దగ్గరికి వెళ్ళి కావాలని పీల్చి తుమ్ముకుంటూ పరిగెత్తేవాళ్ళం. తర్వాత తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు, ఆయన పాడే పద్యం, అత్తయ్య కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టిన చప్పుడు. ఆయన బట్టలకి పెరట్లో వేరే దండెం ఉండేది, మా గౌన్లు ఆ తాడు మీద పొరపాటున పడినా అత్తయ్య మళ్ళీ తడిపేది, లేకపోతే మర్నాడు స్కూల్లో మెడంతా మంటే.

ఆదివారం బాయిలర్ నీళ్ళల్లో చాకలి సోడా వేసి ఆ వారం చొక్కాలన్నీ నానబెట్టి, బండ మీద ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఆరేసేది. సాయంత్రం నేను వాటిని మోసుకుని వీధి మలుపులో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళేదాన్ని. అతను బొగ్గుల ఇస్త్రీ పెట్టెని ముందుకీ వెనక్కీ ఊపి నిప్పు రాజేసేవాడు, నీళ్ళు చిలకరించగానే గంజి వాసన ఆవిరిగా లేచేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా తగలట్లేదు, బహుశా నేను ఆఖరిసారి చూసింది కాలేజీ రోజుల్లోనేమో.

*

సెలవుల్లో ఎప్పుడైనా మామయ్య నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని యార్డుకి తీసుకెళ్ళేవాడు. మిరపకాయల సీజను అంటే జనవరి నుంచి మొదలై ఎండలు ముదిరేదాకా, మే నెలలో యార్డుకి సెలవలు ఇస్తారు. ఆ మూడు నాలుగు నెలలు ఆ చుట్టుపక్కల గాలే వేరు. దారంతా లారీలు, ఎడ్లబళ్ళు, టిక్కీల మీద టిక్కీలు. (మిరపకాయల బస్తాని యార్డులో టిక్కీ అంటారు, తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా.) ముఠా కూలీలు వీపు మీద టిక్కీ వేసుకుని దాదాపు పరిగెడుతున్నట్టే నడిచేవాళ్ళు, "పక్కకి పక్కకి" అని ఒక రాగంలో అరుచుకుంటూ. కాటా దగ్గర లెక్క పెట్టేవాడు ఒకటి అనేవాడు కాదు, "లాభం" అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అనేవాడు, మామయ్య ఆ లెక్క వింటూనే చీటీ మీద రాస్తూ ఇంకోపక్క రైతుతో మాట్లాడేవాడు. రైతుల ముఖాలు మాత్రం నాకు బాగా గుర్తు, పురుగుమందుల కొట్టు బాకీ, పిల్ల పెళ్ళి, అన్నీ ఆ రోజు రేటు మీదే ఆధారపడి ఉండేవి కదా, ఆయన వాళ్ళని ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడేవాడు కాదు, ముందు మంచినీళ్ళు, తర్వాత లెక్క.

వీటన్నిటికన్నా నా కళ్ళు అంటుకుపోయింది ఆడవాళ్ళ దగ్గర. టార్పాలిన్ పందిళ్ళ కింద వరసగా కూర్చుని కాయలు గ్రేడింగ్ చేసేవాళ్ళు, ఎర్రకాయ ఒకపక్క, తెల్లబడిన తాలుకాయ ఒకపక్క, ముచ్చికలు తీసేవి ఇంకోపక్క. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఉండేవాళ్ళు, కళ్ళు మాత్రమే కనపడేవి. చీర మీద అందరూ మగవాళ్ళ చొక్కాలు వేసుకునేవాళ్ళు! తెల్లవి, గళ్ళవి, ఖాకీవి, ఒకామె ఒంటి మీదది పోలీసు చొక్కా లాగా ఉండేది. నాకు అది విచిత్రంగా ఉండి మామయ్యని అడిగితే "చేతులు చూపించమను" అన్నాడు. ఒకామె నవ్వి చేతి గుడ్డ విప్పి చూపించింది. వేళ్ళన్నీ ఎర్రగా ఉబ్బి, గోళ్ళ చుట్టూ పగిలి ఉన్నాయి. ఘాటు ఒంటికి తగిలితే రాత్రంతా మంట, మజ్జిగ రాసుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు, అయినా తగ్గదు, చంటిపిల్లని ఎత్తుకోవాలంటే భయం. అందుకని మణికట్టు దాకా కప్పే మగాళ్ళ చొక్కా. ఫుల్ చేతులది, నూలుది అయితేనే పనికొస్తుంది, నైలాన్ రకం అయితే ఆ ఎండలో ఒంటికి అతుక్కుపోతుంది. కోతలకి పొలం వెళ్ళే వాళ్ళూ ఇలాగే వేసుకుంటారు, ఇప్పటికీ గుంటూరు నుంచి ఏ పల్లె వైపు వెళ్ళినా సీజన్లో మిరపచేలల్లో చూడొచ్చు.

*

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మామయ్య సాయంత్రాలు ఇంట్లో ఉండేవాడు కాదు. కొత్తపేట, లాలాపేట, అరండల్ పేట, తెలిసిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి పాత చొక్కాలు అడిగేవాడు. నన్ను తోడు తీసుకెళ్ళేవాడు, సంచి పట్టుకోవడానికి. ఎవరింట్లో పెద్దాయన పోయాడో ఆయనకి తెలుసు, కానీ వెళ్ళగానే అడిగేవాడు కాదు. అరుగు మీద కూర్చునేవాడు, కాఫీ ఇస్తే తాగేవాడు, ఆ పెద్దాయన గురించి వాళ్ళు ఏం చెప్తే అది వినేవాడు, ఒక్కోసారి గంట గడిచేది, నాకు నిద్ర వచ్చేసేది. లేచేముందు చివర్న అనేవాడు, "అమ్మగారూ, వారి చొక్కాలు మీకు ఇవ్వాలనిపించినప్పుడే ఇవ్వండి. యార్డులో పనిచేసే ఆడకూతుళ్ళు వేసుకుంటారు. ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడాది." కొంతమంది అప్పుడే లోపలికి వెళ్ళి తెచ్చేవాళ్ళు. ఒకావిడ మాత్రం వరసగా కొన్నేళ్ళు "ఇంకా చేతులు రావట్లేదు బాబూ" అనేది, ఈయన "తొందరేముందమ్మా" అని వచ్చేసేవాడు. ఒక ఏడాది ఆవిడే మనవడితో కబురు పెట్టించి, అన్నిటికీ గుండీలు సరిచేసి, మడతపెట్టి, పైన ఒక జామపండు పెట్టి ఇచ్చింది.

యార్డులో ఇచ్చేటప్పుడు ఆయన కుప్ప పోయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, భుజాల దగ్గర కొలత చూసి ఇచ్చేవాడు. ఎవరిదో చెప్పి ఇచ్చేవాడు. "ఇది మా వీధిలో పోస్టాఫీసాయనది, పెద్దవయసు, నిద్రలో పోయాడు. పట్టింపు ఉంటే మొహమాటం లేకుండా వద్దను, బతికున్నోళ్ళవి కూడా తెచ్చా, అవి ఇస్తా." కొందరు వద్దనేవాళ్ళు, ఇంట్లో అత్త ఒప్పుకోదనో, కడుపుతో ఉన్నాననో. ఆయన వెంటనే ఇంకోటి తీసేవాడు, ఎందుకు ఏమిటి అని అడగడం లేదు. ఒక ముసలామె ప్రతిసారీ ఒకటే అడిగేది, "మనిషి మంచోడేనా గుమాస్తా గారూ?" అని. మంచోడే అంటే "అయితే ఇయ్యండి" అని అక్కడికక్కడే చీర మీద తొడిగేసుకునేది. ఒకసారి మామయ్య "తాగేవాడు గానీ ఎవరి జోలికీ పోయేవాడు కాదు" అని చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి అదీ తీసుకుంది.

*

కుప్ప పోస్తే మామయ్యకి ఎందుకంత బాధో అత్తయ్య ద్వారా చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన. దివిసీమ ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోయాయి, పదివేల మందికి పైగా పోయారు, ఇటు మన రేపల్లె వైపు కూడా తీరమంతా దెబ్బతింది. కొట్ల వాళ్ళంతా కలిసి లారీలో బియ్యం, పచ్చళ్ళు, బట్టలు వేసి పంపిస్తే తోడుగా మామయ్య వెళ్ళాడు. రేపల్లె దాటాక రోడ్డు లేదు, చెట్లు పడిపోయి, పశువులు చచ్చిపోయి. వీళ్ళకన్నా ముందు ఎవరో వచ్చి లారీ మీంచి బట్టలు కింద పోసేసి వెళ్ళిపోయారట, అవి బురదలో తడిసి కుళ్ళిపోతున్నాయి, ప్యాంట్లు, స్కూలు యూనిఫారాలు, జరీ జాకెట్లు కూడా ఉన్నాయట. జనం వాటిని తొక్కుకుంటూ బియ్యం కోసం వస్తున్నారు. సగం కూలిన గోడ వెనకాల నుంచి ఒకామె "బాబూ, ఇటు రామాకు, ఏదన్నా గుడ్డ ఇటు ఇసురు" అందట. తుమ్మముళ్ళకి పట్టుకుని రాత్రంతా వేలాడి బతికిందట, ఒంటి మీద చీర లేదు. పది గజాల దూరంలో అన్ని బట్టలున్నాయి, అక్కడిదాకా నడిచి రావడానికి ఆమెకి ఒంటి మీద గుడ్డ కావాలి. మామయ్య తన చేతిసంచిలోని మార్చుకునే పంచె తీసి, మొహం పక్కకి తిప్పుకుని గోడ మీంచి అందించాడట.

ఇది ఆయన ఎప్పుడూ మాకు చెప్పలేదు. అత్తయ్యకి కూడా వచ్చిన రోజు రాత్రి ఒక్కసారే చెప్పాడట.

*

అప్పట్లో ఏ ఇంట్లోనైనా బట్టకి ఒక దారి ఉండేది. పండక్కి కుట్టించింది ఏడాది బయటికి, తర్వాత ఇంట్లోకి, తర్వాత తమ్ముడికో చెల్లికో. కాలరు చిరిగితే దర్జీ కాలరు విప్పి తిరగేసి కుట్టేవాడు, ఇంకో రెండేళ్ళు వచ్చేది. పంచె పాతబడితే చించి తువ్వాళ్ళు, ఆ తర్వాత మసిగుడ్డ. అమ్మమ్మ నూలుచీరలు పేర్చి బొంత కుట్టేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని, ఆ బొంతలో మా ఇంటి ఆడవాళ్ళందరి చీరలూ ఉండేవి, ఇది మీ అమ్మ పుట్టినప్పటి చీర, ఇది మీ ముత్తవ్వది అని వేలితో చూపించేది. ఎవరికైనా పురుడు వచ్చే వేళకి పెట్టెలోంచి మెత్తటి పాత పంచెలు తీసి ఉడకబెట్టి ఆరేసి పొత్తిగుడ్డలు సిద్ధం చేసేది. కొత్తగుడ్డ పసిఒంటికి గరుకు, పైగా నిండుగా బతికిన వాళ్ళ బట్టలో పిల్లని చుడితే ఆయుష్షు అని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో పుట్టిన వాళ్ళందరం తాతయ్య పంచెల్లోనే పడుకున్నాం.

మధ్యాహ్నం పూట "పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా" అంటూ తలమీద గంప, చంకలో మూట పెట్టుకుని వచ్చేవాళ్ళు. అరుగు మీద బేరం గంటసేపు సాగేది, రెండు ప్యాంట్లు ఒక చీర ఇస్తే చిన్న గిన్నె, ఇంకో చీర వేస్తే మూత కూడా. అత్తయ్య దగ్గర ఇప్పటికీ ఉన్న పాల క్యాను అలా వచ్చిందే. బేరం ఎంత గట్టిగా జరిగినా ఒక్క కట్టుబాటు ఉండేది, పోయినవాళ్ళ బట్టలు గిన్నెలకి వేసేవాళ్ళు కాదు. పోయిన రోజు ఒంటి మీదవి ఊరి ఆచారం ప్రకారం వెళ్ళిపోయేవి, మిగతావి అడిగిన వాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ గంపలవాళ్ళూ రావట్లేదు, అపార్టుమెంటుల్లోకి ఎవరు రానిస్తారు.

*

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మామయ్య అప్పటికే మంచం మీద ఉన్నాడు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వస్తున్నాయని టీవీలో చెప్తుంటే లేచి కూర్చున్నాడు. అత్తయ్య పెద్దమ్మ కూతురు వాళ్ళు అక్కడే, మొదటి అంతస్తులో ఇరుక్కుపోయారు. నీళ్ళు తగ్గగానే మేము వెళ్తున్నామంటే పిలిచి చెప్పాడు, "పాతవి పట్టుకెళ్ళకండి. లుంగీలు, నైటీలు, లంగాలు, పిల్లల డ్రాయర్లు, కొత్తవి కొనండి, లోపలి గుడ్డలు ఎవ్వరూ ఇవ్వరు, అడగడానికి వాళ్ళకి సిగ్గు." మేము మనిషికో కవరు చేసి, పైన పెద్దవాళ్ళు, ఆడపిల్ల, చంటిబిడ్డ అని రాసుకుని వెళ్ళాం. అక్కడ రోడ్డు మలుపుల్లో మళ్ళీ అవే కుప్పలు, బురదలో. తిరిగొచ్చాక ఎవరికి ఏం ఇచ్చామో అన్నీ అడిగి చెప్పించుకున్నాడు, కుప్పల సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఆ కార్తీకంలోనే వెళ్ళిపోయాడు, ఎనభై మూడేళ్ళు.

*

ఇప్పుడు ఆయన బట్టలు.

బావ అమెరికా నుంచి వీడియో కాల్‌లో "అమ్మా, ఫోన్ చేస్తే బండి వస్తుంది, అన్నీ మూటగట్టి ఇచ్చెయ్యి, మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ బాధపడొద్దు" అన్నాడు. వాడి ప్రేమ అది. అలా తీసుకెళ్ళి పద్ధతిగా పంచేవాళ్ళూ ఉన్నారు, దూరంగా ఉండి చెయ్యలేని వాళ్ళకి అదే మంచిది కూడా. అత్తయ్య మాత్రం "ఎవరు తొడుక్కుంటారో నాకు తెలియాలిరా" అంది, అంతే.

నాలుగు రోజులు పట్టింది సర్దడానికి. ముందు జేబులు చూశాం. కాటా చీటీ ఒకటి, అరిగిపోయిన పెన్సిలు ముక్క, వక్కపొడి పొట్లం, నా డిగ్రీ మార్కుల జిరాక్సు నాలుగు మడతలు పెట్టి. అది ఎందుకు పెట్టుకున్నాడో, ఎవరికి చూపించాడో. జబ్బు చేసిన రోజుల్లో వాడినవి అత్తయ్య అప్పుడే తీసేసింది, అవి ఎవరికీ ఇవ్వకూడదు. మిగతావి మళ్ళీ వేడినీళ్ళల్లో ఉతికి మేడ మీద రెండు ఎండలు ఎండబెట్టాం. గుండీలు ఊడినవాటికి అత్తయ్య పాత పౌడరు డబ్బాలోంచి గుండీలు తీసి కుట్టింది, కళ్ళజోడు పెట్టుకున్నా సూదిలో దారం నేనే ఎక్కించాలి. కాలరు చిరిగినవి తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్ళి తిరగేయమంటే ఆయన చాలాసేపు కాలరు పట్టుకుని చూశాడు, "ఈ పని అడిగిన వాళ్ళే లేరమ్మా" అన్నాడు, ఇంతాజేసి డబ్బులు తీసుకోలేదు.

స్వెట్టరు, మఫ్లరు మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కి ఇద్దామనుకున్నాం. ఎవరివో చెప్పి అడిగితే "మా ఇంట్లో పోయినోళ్ళవి కట్టరండీ, ఏమనుకోమాకండి" అన్నాడు. అతనికి కొత్త దుప్పటి కొనిచ్చింది అత్తయ్య. స్వెట్టరు తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే అబ్బాయి తీసుకున్నాడు, అతనికి పెద్దదే, కానీ పొగమంచులో బండి మీద వెళ్ళేవాడికి లోపల ఇంకోటి వేసుకోవడానికి అదే నయం అన్నాడు. పెళ్ళినాటి పట్టుపంచె అత్తయ్య ఉంచుకుంది, అది అడగలేదు ఎవరం.

లుంగీలు, పొట్టిచేతుల చొక్కాలు జీజీహెచ్‌కి తీసుకెళ్ళాం. గుంటూరు పెద్దాసుపత్రి అంటే పల్నాడు, బాపట్ల, ప్రకాశం, ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మాచర్ల వైపు నుంచి రాత్రికి రాత్రి పేషెంటుని తీసుకొచ్చిన వాళ్ళు కట్టుబట్టలతో వచ్చేస్తారు, రెండ్రోజులనుకున్నది మూడు వారాలవుతుంది. వరండాల్లో, చెట్ల కింద వాళ్ళే. ముందు వార్డులో సిస్టర్‌ని అడిగాం, ఎవరికి అవసరం అని. ఆవిడ చెప్పిన సంగతి నాకెప్పుడూ తట్టలేదు: యాక్సిడెంట్ కేసులు వచ్చినప్పుడు బట్టలు కత్తిరించి తీసేస్తారు కదా, డిశ్చార్జి రోజున ఇంటికెళ్ళడానికి చొక్కా ఉండదు. కాలికి కట్టు ఉన్నవాడికి ప్యాంటు ఎక్కదు, లుంగీ కావాలి. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళకి ముందు గుండీలు ఉన్న వదులు చొక్కా కావాలి. ఒక అబ్బాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, మామయ్య నీలం గళ్ళ చొక్కా వేసుకుని, లుంగీ కట్టుకుని, వాళ్ళ నాన్న భుజం పట్టుకుని బస్సుకి వెళ్ళాడు. అత్తయ్య గేటు దాకా వాళ్ళ వెనకే నడిచింది. ఫోటో తీద్దామని నాకు అనిపించలేదు, తీసి ఉంటే అత్తయ్య ఒప్పుకునేది కూడా కాదు.

పంచెలు ప్రసూతి వార్డుకి. అమ్మమ్మ చేసినట్టే ముక్కలు చేసి, ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళాం. బిడ్డని ఎత్తుకుని కూర్చున్న ఒక నాయనమ్మ గుడ్డ వేళ్ళ మధ్య నలిపి చూసి "ఎవరిదమ్మా?" అంది. అత్తయ్య "మా ఆయనవి. పోయిన కార్తీకంలో పోయారు" అని చెప్పింది. నాకు గుండె ఆగినంత పనైంది, పసిబిడ్డ దగ్గర ఆ మాట ఏమంటారో అని. ఆవిడ "ఎన్నేళ్ళు బతికాడు?" అని అడిగింది. ఎనభై మూడు అంది అత్తయ్య. "అయితే ఇంకో రెండు ఇవ్వు తల్లీ, మా మనవడికి అన్నేళ్ళు రావాలి" అంది.

*

ఇక ఫుల్ చేతుల చొక్కాలు. వాటి విషయంలో మాకు ఆలోచనే లేదు, జనవరి కోసం ఆగాం. అత్తయ్య తనూ వస్తానంది. ఆ చొక్కాల ఘాటు అన్నేళ్ళు ఉతికిన మనిషి యార్డులో అడుగు పెట్టడం అదే మొదటిసారి అంటే నేనే నమ్మలేకపోయాను, "ఎవరు తీసుకెళ్ళారు నన్ను" అంది.

చుట్టుగుంట దగ్గర ఆటో ఆగకముందే ఇద్దరికీ తుమ్ములు. యార్డు మారింది, ఈ-నామ్ అని ఆన్‌లైన్ వేలం వచ్చాక రేట్లన్నీ కంప్యూటర్లోనే, రైతు చేతిలో ఫోన్, కాటాలు ఎలక్ట్రానిక్, లాభం అని అరిచేవాడు లేడు. ముఠా వాళ్ళ వీపులు మాత్రం అలాగే ఉన్నాయి. గ్రేడింగ్ ఎక్కువగా బయట గోడౌన్లలో, కోల్డ్ స్టోరేజీల దగ్గర జరుగుతోంది. మామయ్యని ఎరిగిన ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడని తెలిసి కనుక్కుంటే ఆయనే మమ్మల్ని ఒక గోడౌన్‌కి తీసుకెళ్ళాడు. "గుమాస్తా గారి ఇంటివాళ్ళు" అని చెప్పాడు, అంతే, కాయల రాశి పక్కన గోతం పరిచి అత్తయ్యని కూర్చోబెట్టారు.

వాళ్ళలో కుర్రపిల్లలు చుడీదార్ల మీద, పెద్దవాళ్ళు చీరల మీద, అందరూ మగాళ్ళ చొక్కాలే. ముక్కుకి తువ్వాలు పోయి మాస్కు వచ్చింది కొందరికి. చేతులు మటుకు నేను చిన్నప్పుడు చూసిన చేతులే. అత్తయ్య ఒక్కొక్కటి తీసి, ఇది ఆయన మా పెద్దవాడి పెళ్ళికి కుట్టించుకున్నది, ఇది దసరాది, దీని జేబు చిన్నది అని చెప్తూ ఇచ్చింది. ఒకమ్మాయి చేతులు పొడుగయ్యాయని మడవబోతే "మడవకమ్మా, మణికట్టు మండుతుంది, గుండీ పెట్టుకో" అని తనే పెట్టింది. మామయ్యని చూసిన ఒకావిడ ఉంది అక్కడ, చిన్నప్పుడు వాళ్ళమ్మతో వచ్చేదట. ఆవిడ అత్తయ్య పక్కన కూర్చుని ఆయన జబ్బు సంగతంతా అడిగింది, ఆఖరి రోజుల్లో అన్నం తిన్నాడా, మాట్లాడాడా, ఎవరు దగ్గరున్నారు అని. ఏడాదిలో చుట్టాలెవరూ అంత వివరంగా అడగలేదు.

వచ్చేటప్పుడు ఆవిడే అంది, "ఇంకా ఉంటే పంపండమ్మా. ఇప్పుడు మగోళ్ళంతా టీషర్టులేగా, ఫుల్ చేతులవి మా ఇళ్ళల్లో దొరకట్లా. సంతలో కొందామంటే అన్నీ పాలిస్టరు." ఆ రోజు చొక్కా అందనివాళ్ళు కూడా ఉన్నారు, పక్క గోడౌన్ సంగతి సరేసరి.

అందుకని అత్తయ్యా నేనూ ఈ ఏడాది నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. కొత్తపేట, బ్రాడీపేట, అరండల్ పేట, పట్టాభిపురం, మీ ఇంట్లో గానీ మీకు తెలిసిన వాళ్ళింట్లో గానీ నూలు చొక్కాలు, ఫుల్ చేతులవి ఉంటే డిసెంబరులోపు చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. గుండీలు లేకపోయినా పర్లేదు, కాలరు చిరిగినా పర్లేదు, దర్జీ చేస్తానన్నాడు. రంగు ఏదైనా ఒకటే. చేతి కింద చిరిగితే మాత్రం వద్దు, కుట్టు నిలబడదు. ఇప్పుడే ఇవ్వలేకపోతే వచ్చే ఏడాది ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కాసేపు కూర్చుని ఆయన ఏం పని చేసేవారో, ఎలాంటి మనిషో నాకు చెప్పండి, అక్కడ అడుగుతారు.